ముక్కారు తలనొప్పి: సాగు మెళకువలు

పొలమూ పుట్రా అమ్ముకుని పట్నం చేరినవాళ్లు కూడా పార్శ్వపు నొప్పిని, అదే మైగ్రేన్‌ను, మాత్రం వదిలించుకోలేకపోయారు. అమ్మ నుంచో అమ్మమ్మ నుంచో రిజిస్ట్రేషన్ ఖర్చు లేకుండా సంక్రమించిన మాన్యం అది. అంత మంచి భూమి చేతిలో ఉండగా నెలకో, రెణ్నెల్లకో ఒక్క పంటతో సరిపెట్టుకోవడం ఏం న్యాయం? నెలలో 15 రోజులకు తగ్గకుండా, మూడు నెలలకు పైబడి తల నొస్తూ, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలు ఉంటే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. మన భాషలో ముక్కారు. ఆ దిగుబడి కావాలంటే తల జోలికి పోనక్కర్లేదు. దుక్కి అంతా పొట్ట దగ్గరే.

ముందు విత్తనం సరి చూసుకోవాలి. మందు వేయకపోతే 4 నుంచి 72 గంటలు ఉండేది, తరచుగా తలలో ఒక పక్కన నాడి కొట్టుకున్నట్టు కొట్టుకునేది, మెట్లెక్కితే పెరిగేది, కడుపులో తిప్పేది, వెలుతురూ చప్పుడూ గిట్టనివ్వనిది అయితే అసలు సిసలు రకం. పిడుగు పడ్డట్టు నిమిషంలో ముంచుకొచ్చినా, జ్వరంతో మెడ బిగిసినా, మాటో చెయ్యో తడబడినా అది నకిలీ విత్తనం. సాగు ఆపి ఆస్పత్రికి పరుగెత్తాలి. ఏభై దాటాక తొలిసారి మొలిచినదాన్నీ డాక్టరుకు చూపించాల్సిందే.

ఇక నీటి యాజమాన్యం. మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతం, లాగేసుకునే శక్తి మాత్రం 20 శాతం. రోజుకు వంద గ్రాముల పైచిలుకు గ్లూకోజు తాగుతుంది, తనకంటూ చెప్పుకోదగ్గ గాదె లేదు. మైగ్రేన్ ఉన్న మెదడైతే ఈ సరఫరాలో ఎగుడుదిగుళ్లను అసలు ఓర్చుకోదు. అందుకే ఒకపూట కాలవ కట్టేసి, మరుపూట గండి కొట్టడం ఈ సాగులో మూలసూత్రం.

శనివారం ఒక పొద్దు ఇందుకు ఆదర్శ క్షేత్రం. శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి తిన్న అన్నమే ఆఖరు. పొద్దున్నే రెండు కాఫీలు, పంచదార దండిగా. కాఫీ ఉపవాసాన్ని చెరచదన్నది సర్వామోదం పొందిన ధర్మశాస్త్రం. పదకొండింటికి మూడోది. ఒంటిగంటకు ఆవలింతలు వస్తాయి, నిద్ర చాల్లేదనుకుంటారు. మెడ పట్టేస్తుంది, దిండు మార్చాలనుకుంటారు. మనసు తీపి మీదికి పోతుంది, ఫ్రిజ్‌లో మైసూర్‌పాక్ ఉంటుంది, ఒక్క ముక్కకు దేవుడు ఏమీ అనుకోడు. ఇవన్నీ మొలకలు. నొప్పికి గంటల ముందు, ఒక్కోసారి రెండు రోజుల ముందే మెదడు అడుగున హైపోథాలమస్ పెట్టే కబుర్లు. సాయంత్రం కణత పగిలాక నేరం మైసూర్‌పాక్ మీద పడుతుంది. అది తింటే నొప్పి వచ్చిందంటారు గానీ, రాబోయే నొప్పే దాన్ని తినిపించి ఉండొచ్చన్న అనుమానం ఎవరికీ రాదు. రాత్రి ఏడున్నరకు ‘అన్నం కాదు గదా’ అని ఎనిమిది పూరీలు, బంగాళాదుంప కూర. పుణ్యం పుణ్యానికే, పిండిపదార్థం పిండిపదార్థానికే.

ఆదివారం దీనికి అంతరపంట. రోజూ 200 మిల్లీగ్రాములకు మించి కెఫీన్ అలవాటైన ఒళ్లు, ఆరింటి కాఫీ పదింటికి గానీ అందకపోతే తలనొప్పి మొలిపిస్తుంది.

ఎరువు మందుల దుకాణంలో చీటీ లేకుండానే ఇస్తారు. ఒక్క పారాసెటమాల్ అయితే నెలకు 15 రోజులు, మైగ్రేన్‌కని ఇచ్చే మాత్రలు, ఎర్గోటమైన్ కెఫీన్ కలిపినవో ట్రిప్టాన్లో అయితే 10 రోజులు చాలు. మూడు నెలలు దాటించారంటే మాత్రే తలనొప్పి కాయడం మొదలుపెడుతుంది. వేసే వేళ కూడా ముఖ్యం. నొప్పి తొలి గంటలోనే వేస్తే పంట చేతికి రాదు. వంట ముగించి, అంట్లు సర్ది, వాంతి గొంతు దాకా వచ్చాక వేయాలి. అప్పటికి జీర్ణకోశం కదలిక మందగించి, మాత్ర పేగులోకి దిగకుండా పొట్టలోనే చతికిలబడుతుంది. (తలనొప్పిని తక్కువ చూడకండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలెట్టిన అమృతాంజనం సొమ్ములోంచే ఆంధ్రపత్రిక పుట్టింది. తెలుగు పత్రికారంగానికి పెట్టుబడి పెట్టింది కణతలే.)

నడుము విస్తీర్ణం పెంచితే దిగుబడి పెరుగుతుందని లెక్కలున్నాయి. అధ్యయనాలన్నీ కలిపి 2017లో చూస్తే స్థూలకాయులకు మైగ్రేన్ ముప్పు 27 శాతం, మరీ బక్కపలచవాళ్లకు 13 శాతం ఎక్కువ. అప్పుడప్పుడూ వచ్చేది ముక్కారుగా మారడంలోనూ బరువుది పెద్ద చెయ్యే. నివారణకు రాసే అమిట్రిప్టిలిన్, ఫ్లూనరిజిన్, వాల్‌ప్రోయేట్ ఆ బరువును ఇంకాస్త పెంచగలవు. టోపిరమేట్ తగ్గించగలదు గానీ గర్భం దాల్చే అవకాశం ఉన్నవాళ్లకు వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ రెండూ చిక్కే. ఈ సంగతి రోగి అడగడు, చెప్పే తీరిక డాక్టరుకు ఉండదు. ఉత్తరాది నుంచి ఫార్వర్డు అయిన మైగ్రేన్ చిట్కా ఉండనే ఉంది: సూర్యుడు లేవకముందే పాలల్లో జిలేబీ.

షుగరొస్తే మైగ్రేన్ పోతుందని ఓదార్చేవాళ్లూ ఉన్నారు. 2019లో వెలువడిన ఫ్రెంచి అధ్యయనంలో 74 వేల పైచిలుకు మహిళల్ని చూస్తే, టైప్ 2 మధుమేహం బయటపడబోయేవాళ్లలో అంతకుముందు ఏళ్లలోనే మైగ్రేన్ 22 శాతం నుంచి 11కి జారిందట. నిజమే, ఉప్పునీరెక్కిన చేలో వరి పండదు. అలాగని గట్టు తెంచి సముద్రాన్ని పిలిచినవాణ్ని ఆదర్శ రైతు అనం.

చీడల విషయంలో జాగ్రత్త. లేచిన గంటలో పెసరట్టో గుడ్డో తినడం, పగలు నాలుగైదు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచకపోవడం, సెలవు రోజూ అదే వేళకు నిద్ర లేవడం పంటను పీల్చేస్తాయి. వారానికి మూడుసార్లు 40 నిమిషాల వ్యాయామం టోపిరమేట్‌కు దీటుగా పనిచేసిందని 2011లో స్వీడన్‌లో తేలింది. అన్నిటికన్నా ప్రమాదకరం చిన్న నోటుపుస్తకం: నొప్పి మొదలైన గంట పక్కన ఆఖరి ముద్ద తిన్న గంట రాస్తే మూడు నెలల్లో సాగు గుట్టంతా బయటపడుతుంది.

భూసార పరీక్ష అంటే మనవాళ్లకు తల స్కానింగే. వేలు పోసి తీయిస్తారు, ‘ఏమీ లేదు’ అని రాసొస్తుంది, ఆ కాగితాన్ని బీరువాలో దాస్తారు. పరగడుపు గ్లూకోజు 100, ట్రైగ్లిజరైడ్లు 150, బీపీ 130/85 దాటాయా, మంచి కొలెస్ట్రాల్ మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 కన్నా దిగిందా అన్న చూపు డాక్టరు గదిలో కనబడదు. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లన్న నడుము గీత సంగతి సరేసరి. ఊరంతటిలో నడుం చుట్టూ టేపు పెట్టేవాడు టైలర్ ఒక్కడే. అతగాడు కూడా అంకె పైకి చదవకుండా రాసుకుని, లోపల రెండంగుళాలు గుడ్డ మడిచి కుడతాడు, ముందుచూపున్న మనిషి.