మిల్వాకీ: ఫ్రీవేను మళ్లీ కట్టే ముందు అడగాల్సిన ప్రశ్న

ఒక ఫ్రీవేకు, అంటే సిగ్నళ్లు లేని వేగ రహదారికి, ఆయుష్షు తీరినప్పుడు దాన్ని ఎంత వెడల్పున మళ్లీ కట్టాలన్న చర్చే ఎక్కువగా జరుగుతుంది. అసలు అది ఆ రూపంలో కావాలా అని అడిగే అవకాశం కూడా సరిగ్గా అప్పుడే వస్తుంది, ఆ తర్వాత రెండు తరాల దాకా రాదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న మిల్వాకీ నగరం ఇప్పుడు ఆ దశలోనే ఉంది. నగర కేంద్రానికి పశ్చిమంగా, 16వ వీధి నుంచి 70వ వీధి దాకా సుమారు 5.6 కిలోమీటర్ల మేర ఇంటర్‌స్టేట్ 94 అనే ఫ్రీవేను ఆరు లేన్ల నుంచి ఎనిమిది లేన్లకు పెంచి పునర్నిర్మించడానికి 2024 మార్చిలో ఫెడరల్ ఆమోదం లభించింది. వ్యయం దాదాపు 174 కోట్ల డాలర్లు. 1960ల నాటి వంతెనలను మార్చాల్సిందేననడంలో ఎవరికీ పేచీ లేదు. అదనపు లేన్ల నిర్ణయం మాత్రం తప్పని నా అభిప్రాయం, అందుకు కారణాలు ఈ నగర చరిత్రలోనే దొరుకుతాయి.

1960లో మిల్వాకీ జనాభా 7.41 లక్షలు, 2020 నాటికి అది 5.77 లక్షలు. నగరం పెరుగుతూనే ఉంటుందన్న నమ్మకంతో గీసిన నాటి ప్రణాళికలో నగర కేంద్రం చుట్టూ వలయంగా ఒక ఫ్రీవే, దాని నుంచి అన్ని దిక్కులకూ ఫ్రీవేలు ఉన్నాయి. వాటిలో కొన్ని పూర్తయ్యాయి. ఉత్తరానికి వెళ్లే ఇంటర్‌స్టేట్ 43 కోసం నల్లజాతీయుల వ్యాపారాలకూ సంగీతానికీ కేంద్రమైన వాల్నట్ స్ట్రీట్ పరిసరాలను, అంటే బ్రాంజ్‌విల్‌ను, నేలమట్టం చేశారు. అక్కడ కనీసం రోడ్డైనా వచ్చింది. పార్క్ వెస్ట్ ఫ్రీవే సంగతి అంతకన్నా దారుణం. దాని కోసం ఇళ్లు సేకరించారు, కూల్చారు, కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి, చివరకు ఫ్రీవే మాత్రం రాలేదు. ఖాళీ చేసిన స్థలాలు ఏళ్ల తరబడి అలాగే పడి ఉన్నాయి. రోడ్డు విస్తరణ మార్కింగ్ పడిన ఇంటికి మన ఊళ్లలో సున్నం కూడా వేయించరు, ఎవరూ కొనరు, బ్యాంకు అప్పివ్వదు. ఫ్రీవే గీత పడిన పేటలన్నిటిదీ అదే గతి. అందుకే కట్టని రోడ్డు వల్ల నష్టం లేదనుకోవడం పొరపాటు.

సరస్సు వైపు కథ వేరు. నౌకాశ్రయం మీదుగా కట్టిన హోన్ వంతెన పూర్తయ్యాక కూడా రెండు చివర్లా కలిపే రోడ్లు లేక కొన్నేళ్లు ఖాళీగా నిలబడింది. 1977లో రాకపోకలు మొదలయ్యాయి. దక్షిణాన ఇల్లినాయ్ సరిహద్దు దాకా సాగాల్సిన లేక్ ఫ్రీవే ఎన్నటికీ రాలేదు. దాని బదులు 1999లో లేక్ పార్క్‌వే అనే చిన్న రోడ్డు వచ్చింది, దానితోనే పని జరిగిపోతోంది.

వలయంలో భాగంగా 1971లో తెరిచిన పార్క్ ఈస్ట్ ఫ్రీవే ముక్కను సరస్సు దాకా పొడిగించకుండా పౌరులు అడ్డుకున్నారు. మేయర్ జాన్ నార్క్విస్ట్ పట్టుబట్టి 2002, 2003లో దాన్ని కూల్పించారు, స్థానంలో మెకిన్లీ అవెన్యూ వచ్చింది. ట్రాఫిక్ స్తంభించిపోతుందన్న భయం నిజం కాలేదు. ఖాళీ అయిన భూమి నిండడానికి మాత్రం దశాబ్దం పైగా పట్టిందని ఒప్పుకోవాలి. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు ఉన్నాయి. 2018లో తెరిచిన బాస్కెట్‌బాల్ అరీనా చుట్టూ జరిగిన అభివృద్ధి కూడా పాత ఫ్రీవే స్థలంలోకి విస్తరించింది.

ఇంత అనుభవం ఉన్నా 94 విషయంలో పాత ఆలోచనే గెలిచింది. ఈ విస్తరణకు 2016లో ఒకసారి ఆమోదం దొరికితే, డబ్బు లేదని మరుసటి ఏడాదే గవర్నర్ స్కాట్ వాకర్ వెనక్కి తీసుకున్నారు, 2020లో గవర్నర్ టోనీ ఎవర్స్ మళ్లీ ముందుకు తెచ్చారు. ప్రమాదాలు ఎక్కువన్నది రవాణా శాఖ ప్రధాన వాదన, అది కొట్టిపారేయదగింది కాదు. అయితే ఆ ప్రమాదాలకు దగ్గరదగ్గరగా ఉన్న ర్యాంపులు, ఎడమవైపు నుంచి, అంటే అక్కడ వేగంగా వెళ్లే లేన్ల వైపు నుంచి, ఎక్కి దిగే దారులు ముఖ్య కారణం. వాటిని ఆరు లేన్లలోనే సరిదిద్దవచ్చని ‘ఫిక్స్ ఎట్ సిక్స్’ పేరుతో ఏకమైన సంఘాలు వాదించాయి. లేన్లు పెంచితే కొత్త ట్రాఫిక్ వచ్చి చేరుతుందని ఎన్నో నగరాల అనుభవం చెబుతోంది.

ఈ మార్గంలో ఒకచోట రోడ్డుకు రెండు వైపులా శ్మశానవాటికలు ఉన్నాయి, వాటిలో ఒకటి సైనికులను ఖననం చేసిన వుడ్ నేషనల్ సిమెటరీ. సమాధులను కదపకూడదని ఒక దశలో రెండంతస్తుల రోడ్డు ఆలోచన కూడా చేశారు. ఆ గౌరవం సరైనదే. సమాధుల కోసం రోడ్డును ఇరుకు చేయగలిగిన ఇంజినీర్లు బతికున్న కుటుంబాల ఇళ్ల దగ్గర అంత సర్దుబాటు చూపకపోవడమే నన్ను కలవరపెడుతోంది.

కారు లేనివారికి ఈ లేన్ల వల్ల ఒరిగేదేమీ లేదు. పక్కనే ఉన్న జూ ఇంటర్‌చేంజ్ (ఫ్రీవేలు కలిసే కూడలి) పునర్నిర్మాణంపై పౌర సంఘాలు కోర్టుకెక్కితే, 2014లో రాజీ కుదిరి బస్సులకు 1.35 కోట్ల డాలర్లు దక్కాయి. ఆ డబ్బుతో నగర పేదలను శివారు ఉద్యోగాలకు చేర్చే సర్వీసులు నడిచాయి, నిధులు అయిపోగానే ఆగిపోయాయి. రోడ్డుకు శాశ్వత నిధి, బస్సుకు మాత్రం కోర్టు ఇప్పించిన తాత్కాలిక నిధి అన్న ఈ తేడాను రాష్ట్ర శాసనసభే సరిచేయాలి.

ఇంకా తేలాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. 94ను స్టేడియం ఇంటర్‌చేంజ్ వద్ద దాటే రాష్ట్ర రహదారి 175 ఉత్తరంగా వాషింగ్టన్ పార్క్ పక్కనుంచి కొంత దూరం వెళ్లి అర్ధాంతరంగా ఆగిపోతుంది, దాన్ని ఫాండ్ డు లాక్ ఫ్రీవేతో కలిపే ముక్క ఎన్నడూ రాలేదు. దాన్ని చెట్ల మధ్య సాగే మామూలు నగర రోడ్డుగా మార్చే ఆలోచనపై అధ్యయనం జరిగింది. ఇంటర్‌చేంజ్ పనులు ఆ అవకాశాన్ని మూసేయకముందే 175 భవిష్యత్తుపై నిర్ణయం తీసుకోవాలి, మిగిలే భూమిపై మొదటి మాట ఆ పేటల్లో ఇప్పటికీ ఉంటున్నవారికే ఇవ్వాలి.