రాజ్యాంగ ధర్మాసనాన్ని కాజీపేటకు పంపండి

సుప్రీంకోర్టు ఢిల్లీలోనే కూర్చోవాలన్న రూలేమీ లేదు. రాష్ట్రపతి ఆమోదం ఉంటే ప్రధాన న్యాయమూర్తి ఇంకే ఊళ్లోనైనా కోర్టు పెట్టొచ్చని 130వ అధికరణ చెబుతోంది. కాబట్టి కాజీపేటలో ఒక రాజ్యాంగ ధర్మాసనం, అంటే కనీసం అయిదుగురు జడ్జీల బెంచ్, పెట్టాలని సవినయంగా మనవి చేస్తున్నాను. స్పీకర్, గవర్నర్ లాంటి రాజ్యాంగ పదవిలో ఉన్న పెద్దమనిషికి కోర్టు గడువు పెట్టొచ్చా, పెట్టకూడదా అని జడ్జీలు తలలు పట్టుకున్నారు. గడువుల విషయంలో మా అంత అనుభవం దేశంలో ఇంకెవరికీ లేదు.

2014 పునర్విభజన చట్టం 13వ షెడ్యూలు చూడండి. తెలంగాణలో రైల్ కోచ్ ఫ్యాక్టరీ సంగతి ఆరు నెలల్లో పరిశీలించి త్వరగా నిర్ణయం తీసుకోవాలని పార్లమెంటే రాసింది. ఆ ఆరు నెలలు ఆ ఏడాది డిసెంబరుకే అయిపోయాయి. కాజీపేటలో వ్యాగన్ల యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది 2023 జూలైలో. అయినా చట్టం అక్షరం పొల్లు పోలేదు. పరిశీలించమన్నారు గాని పెట్టమనలేదు కదా!

ఇక ఫిరాయింపుల కేసు. పార్టీ మారారని ఫిర్యాదులొచ్చిన పదిమంది ఎమ్మెల్యేల జాబితాలో మా స్టేషన్ ఘన్‌పూర్ కూడా ఉంది, అందుకని మాట్లాడే హక్కు మాకుంది. అనర్హత తేల్చేటప్పుడు స్పీకర్ ట్రిబ్యునలేననీ, ఆ నిర్ణయాన్ని కోర్టులు సమీక్షించొచ్చనీ 1992లోనే కిహోతో హోలోహాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎప్పటిలోగా తేల్చాలో మాత్రం ఫిరాయింపుల రూల్సున్న రాజ్యాంగం పదో షెడ్యూల్లో రాయలేదు. 2024 సెప్టెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి, విచారణ షెడ్యూలు నాలుగు వారాల్లో ఖరారు కావాలన్నారు. నవంబరులో అదే హైకోర్టు డివిజన్ బెంచ్ ఆ నాలుగు వారాలు పక్కన పెట్టి, తగిన సమయంలో తేల్చితే చాలంది. 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు మూడు నెలలు ఇచ్చింది. అక్టోబరు 31 వచ్చింది, పోయింది. అప్పటికి పిటిషన్లన్నీ తేలలేదు, ఇంకొంత టైం కావాలన్నారు స్పీకర్.

కోర్టు పెద్దదయ్యేకొద్దీ గడువు కూడా సాగుతుందన్న ఈ సూత్రాన్ని లా కాలేజీల్లో ఎందుకు చెప్పరో! గవర్నర్ల విషయంలో దీనికి తిరుగులేని రుజువు దొరికింది. బిల్లులు తొక్కిపెట్టి కూర్చోకూడదని 2025 ఏప్రిల్‌లో ఇద్దరు జడ్జీలు గడువులు పెట్టారు. రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలపై నవంబరులో అయిదుగురు కూర్చుని, కోర్టులు అలా గడువులు పెట్టలేవన్నారు. మరీ కారణం లేకుండా నాన్చితే మాత్రం, ఏదో ఒకటి తేల్చండని చెప్పొచ్చట. ఇద్దరైతే గడువు, అయిదుగురైతే గడువే లేదు. 1973లో కేశవానంద భారతి కేసులో కూర్చున్నట్టు పదమూడు మంది కూర్చుంటే ఏమవుతుందో ఊహకే టెన్షన్‌గా ఉంది.

అలాగని మన చట్టానికి గడువులంటే పడదనుకోవద్దు. హన్మకొండ కోర్టు ఆవరణలో చెట్టుకింద నిలబడితే తెలుస్తుంది. భూమి కేసు కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకొచ్చిన రైతుకు వకీలు గుమాస్తా చెబుతుంటాడు: "జవాబు ముప్పై రోజుల్ల ఎయ్యాలె పెద్దాయనా. జడ్జి దయతలిస్తే తొంభై. అదీ దాటిందంటే ఎక్స్‌పార్టీ, నీ మాట ఇనకుండనే తీర్పు, భూమి అటే పోతది." ఆ పెద్దాయన తగిన సమయం అడగడు. ఆయనది రాజ్యాంగ పదవి కాదు మరి.

న్యాయంగా చెప్పాలంటే రాజ్యాంగంలోనూ కొన్ని గడువులు గడియారంలా నడుస్తాయి. సుప్రీంకోర్టు జడ్జికి 65 నిండితే, ఎంత పెద్ద కేసు మధ్యలో ఉన్నా కుర్చీ ఖాళీ చేయాల్సిందే. రెండోది శాసనసభ. దానికి అయిదేళ్లు. అనర్హత పిటిషన్ అప్పటిదాకా తేలకపోతే ఎవరికీ ఇబ్బంది లేదు. స్పీకర్ నిర్ణయం అక్కర్లేదు, జడ్జి సంతకం అక్కర్లేదు, కోర్టు ధిక్కారం నోటీసు అసలే అక్కర్లేదు. సభ రద్దయిన రోజు పిటిషన్ దానంతటదే చెల్లిపోతుంది, సదరు సభ్యుడు మళ్లీ నామినేషన్ వేసుకోవచ్చు. దానికి మాత్రం ఆఖరి రోజు, మధ్యాహ్నం మూడు గంటలు. ఒక్క నిమిషం దాటినా తీసుకోరు.