దొరకని కోడే మంచి కోడు

ఉన్న కోడునే మళ్లీ వాడుకోవాలనే దురాలోచన ఇవాళ్టిది కాదు. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన నాటో సదస్సులో డగ్లస్ మెకిల్‌రాయ్ అనే పెద్దమనిషి, సాఫ్ట్‌వేర్ భాగాలను కేటలాగు చూసి ఎంచుకునే రోజు రావాలన్నాడు. మన టీములు ఆ రోజు రాకుండా ఇప్పటికీ కంటికి రెప్పలా కాపలా కాస్తున్నాయి.

కాపలాకి మొదటి ఆయుధం పేరు. లీపు సంవత్సరాన్ని తేల్చే కోడు ముక్కకి, అంటే ఫంక్షన్‌కి, ‘ఈజ్‌లీప్‌ఇయర్’ అని పెట్టారో, అడ్డమైనవాళ్లూ పట్టేస్తారు. ‘చెక్2’ అని పెట్టి, చిల్లర ఫంక్షన్లన్నీ పడేసే ‘యుటిల్స్’ ఫైల్లో మూడు వేల లైన్ల అడుగున పాతేయాలి. ఇక పక్క టీము చంకలో పిల్లాడిని పెట్టుకుని ఊరంతా వెతికి, విసిగి, సొంతంగా రాసుకుంటుంది. నాలుగుతో భాగిస్తే చాలనుకుంటుంది. 2000తో పరీక్షించి మురిసిపోతుంది కూడా. వందతో భాగమయ్యే ఏడాది 400తోనూ భాగమైతేనే లీపు; 2000 అలా భాగమవుతుంది కనక తప్పు బయటపడదు. 1900 ఇస్తేగానీ పడదు.

అసలు శత్రువులు వేరే ఉన్నారు. పేరుతో కాకుండా డేటాతో వెతికేవాళ్లు. కోడు మార్పుల చరిత్ర దాచే గిట్‌లో, ఫైళ్లలో పదాలు వెతికే ‘గ్రెప్’ ఆదేశాన్ని టెస్టుల ఫోల్డర్ మీద 1900 కోసం కొడతారు. లీపు లెక్క శ్రద్ధగా రాసినవాళ్లు ఆ ఏడాదితో టెస్టు రాసే ఉంటారని వాళ్ల నమ్మకం. విరుగుడు తేలికే: టెస్టులు రాయకండి. పోనీ ఫంక్షన్‌నే చెరిపేద్దామా అంటే అదీ క్షేమం కాదు. చరిత్ర చూపించే గిట్ లాగ్ ఆదేశానికి డ్యాష్, పెద్ద ఎస్ తగిలించి ఒక పదం ఇస్తే, ఫైళ్లలో ఆ పదం ఎన్నిసార్లు ఉందన్న లెక్క మార్చిన కమిట్లన్నీ, అంటే నమోదైన మార్పులన్నీ, తవ్వి పోస్తుంది, చెరిపిన కమిట్‌తో సహా. అందుకే కొత్తగా చేరినవాళ్లతో ‘డెప్త్ 1’ పెట్టి క్లోన్ చేయించాలి, అంటే కోడు నకలు దింపించాలి. చివరి కమిట్ తప్ప చరిత్రే రాదు, ఇక తవ్వేదేముంది! వేగం కోసమే అని చెబితే దండం కూడా పెడతారు.

కోడు బయటి ప్రపంచానికి ఇవ్వక తప్పకపోతే లైసెన్స్ ఫైలు లేకుండా ఇవ్వండి. అందరికీ కనిపిస్తుంది, వాడుకునే హక్కు ఎవరికీ రాదు. దానగుణానికీ లోటుండదు.

ఎవరైనా ఎదురు తిరిగితే లెఫ్ట్‌ప్యాడ్ అనే చిట్టి జావాస్క్రిప్ట్ ప్యాకేజీ కథ విప్పాలి. 2016 మార్చిలో దాని రచయిత జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారం ఎన్‌పీఎం నుంచి తీసేసరికి, అక్షరాల వరుసకి (స్ట్రింగ్‌కి) ఎడమవైపు ఖాళీలు నింపే ఆ పదకొండు లైన్ల కోసం బోలెడు ప్రాజెక్టుల బిల్డులు (కోడుని ప్రోగ్రాంగా కూర్చే పని) కుప్పకూలాయి. ఇక్కడే ఆపేయాలి. వాడే ప్యాకేజీల వెర్షన్లని బిగించే లాక్ ఫైలూ, వాటి నకళ్లు దాచుకునే సొంత మిర్రరూ ఉంటే దెబ్బ తగ్గుతుందని గానీ, 2017 ప్రమాణంతో జావాస్క్రిప్ట్‌లోకే అదే పని చేసే ప్యాడ్‌స్టార్ట్ వచ్చేసిందని గానీ నోరు జారకూడదు.

ఇంత చేసినా ఎవరో ఒకరు చెక్2ని కనిపెడతారు. దాన్ని లైబ్రరీగా విడదీయనివ్వకండి, కాపీ కొట్టుకోమనండి. అయిదు చోట్ల అయిదు కాపీలు. బగ్గు వస్తే ఒక కాపీ సరిచేసి టికెట్ మూసేయాలి. మిగతా నాలుగూ తీరిగ్గా, వేర్వేరు త్రైమాసికాల్లో, వేర్వేరు నంబర్లతో వస్తాయి. అవీ మనమే మూస్తాం.