‘ఏ స్టీరింగ్ కవరైనా సరిపోతుంది’ అన్న మాట నమ్మకండి

“స్టీరింగ్ పెచ్చులూడుతోందా? ఏ కవరైనా తెచ్చి ఎక్కించేయండి, అన్నీ సరిపోతాయి. జిగటగా ఉంటే థిన్నర్‌తో తుడవండి. మార్చాలంటే బ్యాటరీ వైరు తీసి నట్టు విప్పడమే, పది నిమిషాల పని.” ఈ మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఇందులో మూడు మాటలున్నాయి, మూడూ తప్పే.

ముందు కవరు సంగతి. చాలా కార్ల స్టీరింగ్ వ్యాసం 37, 38 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. కానీ అంతకన్నా చిన్నవీ ఉన్నాయి, పెద్దవీ ఉన్నాయి, కింది అంచు చదునుగా ఉన్నవీ ఉన్నాయి. టేపుతో ఈ బయటి అంచు నుంచి ఆ బయటి అంచుకి కొలిచాకే కొనాలి, పట్టు లావు కూడా చూసుకోవాలి. కాస్త వదులైతే ఏమవుతుందో నేను చూశాను. యూటర్న్ తిప్పుతుంటే నా చేతులతో పాటు కవరు తిరిగింది, లోపలి చక్రం తిరగలేదు. అర క్షణమే, కానీ బండి నేరుగా రోడ్డు అంచు మీదికి పోయింది. ఇంటికొచ్చీ రాగానే దాన్ని పీకి పారేశాను.

కవరు వేశాక బండి ఆపి, ఒక చేత్తో స్పోకు పట్టుకుని రెండో చేత్తో కవరును గట్టిగా మెలితిప్పి చూడండి. కొంచెం జరిగినా అది పనికిరాదు. సూదీదారంతో చుట్టూ కుట్టే తోలు కవరు నయం. గంటల తరబడి కూర్చోవాలి, వేళ్లు మంటపుడతాయి, అయినా బిగువుగా కుడితే కదలదు. చెయ్యి పట్టుకుందో లేదో స్పర్శతో గుర్తించే స్టీరింగులున్న కొత్త కార్లలో మాత్రం మందపాటి కవరు ఆ సెన్సర్‌కి అడ్డొస్తుంది. మాన్యువల్ చూడకుండా వేయొద్దు.

థిన్నర్ అసలే వద్దు. జిగట చాలాసార్లు మురికి కాదు, పైపూత పాడైపోవడం. థిన్నర్ దాన్ని ఇంకా కరిగిస్తుంది, రంగు చేతికంటుతుంది. సబ్బునీళ్లలో ముంచి బాగా పిండిన గుడ్డతో తుడవండి. ఆరాక కూడా అంటుకుంటుంటే పూత పోయినట్టే, కొత్త తోలు చుట్టించాల్సిందే.

ఇక పది నిమిషాల మాట. ఎయిర్‌బ్యాగ్ లేని పాత బండిలో స్టీరింగ్ ఏ గాడిలో ఉందో గుర్తుపెట్టుకుని, నట్టును పూర్తిగా తీసేయకుండా చివరి రెండు మరల మీద ఉంచి, పుల్లర్ అనే పనిముట్టుతో స్టీరింగ్‌ను లాగొచ్చు. సుత్తితో కొట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ ఉంటే కథ వేరు. ప్రమాదంలో బ్యాటరీ తెగినా బ్యాగ్ పేలాలని దాని కంట్రోల్ యూనిట్లో కెపాసిటర్ కరెంటు దాచిపెడుతుంది. అందుకే వైరు తీశాక మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. స్టీరింగ్ వెనక క్లాక్ స్ప్రింగ్ అనే చుట్టల రిబ్బను వైరు ఉంటుంది. స్టీరింగ్ విప్పినప్పుడు అది మధ్యస్థానం తప్పితే, తర్వాత పూర్తిగా తిప్పినప్పుడు తెగిపోతుంది. హారన్ పోతుంది, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. ఈ పని తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి.

ఒకటి మాత్రం ఆ మెసేజ్ చెప్పనేలేదు. హారన్ ప్యాడ్ మీదికి వచ్చే కవరు గానీ, దానిమీద స్టిక్కరు గానీ ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండికి వద్దు. ఆ ప్యాడ్‌లో పలచని గీత ఉంటుంది, బ్యాగ్ అక్కడే చీల్చుకుని బయటికి రావాలి.