ఉపవాసం లేనివారి ఉపవాస కష్టాలు

రంజాన్ మాసం గురించి బెంగళూరు తెలుగువారి పరిజ్ఞానం ఏటా సాయంత్రం ఆరున్నరకు మొదలై, ఫ్రేజర్ టౌన్ మాస్క్ రోడ్డు చుట్టుపక్కల బండికి చోటు దొరికేసరికి కొంత పెరిగి, హలీం గిన్నె అడుగు కనిపించేసరికి సంపూర్ణమవుతుంది. గోధుమ ఎంతసేపు ఉడికిందో, పైన చల్లిన ఉల్లిపాయ సరిగ్గా వేగిందో లేదో, 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు హలీంతో ఇది ఏ మేరకు తూగుతుందో మనవాళ్ళు అరగంటసేపు వాదించగలరు. ఆ మాసానికి ఒక పగలు కూడా ఉంటుందన్న సంగతి మాత్రం వారికి ఎవరూ చెప్పలేదు. కనుక మారతహళ్లి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల తెలుగు కుటుంబాలు రంజాన్ రోజుల్లో దుబాయి విమానం ఎక్కి, దిగిన మర్నాడు అక్కడి మధ్యాహ్నాన్ని చూసి దిగ్భ్రాంతి చెందితే తప్పు పట్టడానికి లేదు. లోకంలో ఉపవాసం ఉన్నవారి గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. ఉపవాసం లేకుండానే ఇన్ని అవస్థలు పడుతున్న మన యాత్రికుల పక్షాన ఎవరో ఒకరు కలం పట్టక తప్పదు.

వారికి సమాచారం ఏ దారిన అందుతుందో ముందు చూడాలి. ప్రయాణం వారం ఉందనగా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో, ఎవరి బావమరిదో ఎప్పుడో కువైట్‌లో ఉద్యోగం చేసిన రోజుల జ్ఞాపకాల ఆధారంగా, పగలు మంచినీళ్ళు తాగితే జైలేనన్న కబురు తిరుగుతుంది. కబురు పూర్తిగా కట్టుకథ కాదు. కువైట్‌లో 1968 నాటి చట్టం ప్రకారం రంజాన్ పగటివేళ బహిరంగంగా తిన్నా తాగినా 100 దీనార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు పడవచ్చు. అయితే మన గ్రూపు భూగోళంలో మొరాకో నుంచి ఇండోనేసియా దాకా ఉన్నది ఒక్కటే దేశం. ఎవరి బావమరిది ఎక్కడ పనిచేస్తే అదే దాని రాజధాని. ఇస్తాంబుల్‌లో మధ్యాహ్నం చాలా హోటళ్ళు నడుస్తూనే ఉంటాయని, కౌలాలంపూర్‌లో ముస్లిమేతరుల భోజనానికి అడ్డేమీ లేదని, మాలే నగరంలో పగలు హోటళ్ళు మూసినా మాల్దీవుల రిసార్టు దీవుల్లో పళ్ళరసానికి కూడా లోటుండదని, దుబాయి హోటళ్ళు పగటిపూట తెరలు కట్టుకోవాలన్న నిబంధన 2021లోనే పోయిందని వివరించబోయిన ఒక కుర్రవాణ్ణి అడ్మిన్ గారు మందలించారు. ఆయన చేసింది సబబే. పాస్‌పోర్టు చేతికి వచ్చాక మనిషికి భయపడే హక్కు కూడా లేకపోతే విదేశయానం ఎందుకు?

ఆ భయం చివరికి పెట్టె బరువులో తేలుతుంది. నాకు తెలిసిన ఒక పెద్దమనిషి దుబాయికి చెక్కలు, జంతికలు, సున్నుండలు, పులిహోర పొడి, ఉప్మా పొట్లాలు, నీళ్ళు కాచుకునే కెటిల్, వాటిపైన ఖాళీ ఉంటే బట్టలు అన్న వరుసలో సర్దుకుని వెళ్ళారు. దుబాయి దేరా ప్రాంతంలోని హోటల్లో మొదటి మధ్యాహ్నం ఆయన గది తలుపు గడియ వేసి, చాలదని స్నానాల గదిలోకి వెళ్ళి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, ఒక చెక్క నోట్లో పెట్టుకున్నారు. కొరికితే చప్పుడు కారిడారులోకి వినపడుతుందేమోనని కొరకలేదు. బియ్యప్పిండి చెక్క, మధ్యలో శనగపప్పు, అందులోనూ వాళ్ళావిడ చేతి వాటం కాస్త గట్టి. అది నాలుక మీద నానేదాకా ఆయన అద్దంలో తనను తాను చూసుకుంటూ నిలబడ్డారు. సరిగ్గా అదే సమయానికి కింది అంతస్తులోని భోజనశాలలో అన్నం, పప్పు, చికెన్ కూర, రెండు రకాల పాయసాలు పొగలు కక్కుతున్నాయి. పక్క గది గుజరాతీ కుటుంబం అక్కడే తిని, తాపీగా చేతులు తుడుచుకుంటున్నది. ఆ భోజనం వెల ఆయన కట్టిన ప్యాకేజీలోనే కలిసి ఉంది. ఈ సంగతి తిరుగు ప్రయాణం నాడు బిల్లు చూసినప్పుడు గాని బయటపడలేదు, బయటపడ్డాక కూడా ఆయన ఇంట్లో చెప్పలేదు.

మర్నాడు మెట్రోలో ఆయన నీళ్ళ సీసా మూత తిప్పగానే యూనిఫాం వేసుకున్న ఒకాయన వచ్చి, తాగవద్దని మర్యాదగా చెప్పి వెళ్ళాడు. ఆ సంఘటన బెంగళూరు చేరేలోపు మూడుసార్లు రూపం మార్చుకుంది. విమానంలో అది హెచ్చరిక, ఇంటికి వచ్చే టాక్సీలో జరిమానా, క్లబ్‌హౌస్‌లో వినేసరికి అరెస్టు తృటిలో తప్పింది. దుబాయి మెట్రోలో తినడం, తాగడం ఏడాది పొడుగునా నిషేధం, రంజాన్ అయినా సంక్రాంతి అయినా 100 దిర్హములు కట్టాల్సిందే, చూయింగ్ గమ్ నమిలినా ఊరుకోరు. ఈ నిజం ఆయనకు ఎవరూ చెప్పకూడదని నా అభ్యర్థన. ఒక మనిషి దగ్గర ఉన్న ఏకైక సాహసగాథను లాక్కుంటే మిగిలేది ఎడారిలో ఒంటె మీద తీయించుకున్న ఫొటో మాత్రమే, అందులోనూ ఆయన కళ్ళు మూసుకున్నారు.

ఇక బుర్జ్ ఖలీఫా సంగతి. అంత ఎత్తున నిలబడితే కింద అస్తమించిన సూర్యుడు ఇంకా కాసేపు కనిపిస్తూనే ఉంటాడు. అందుకని ఆ భవనంలో 80వ అంతస్తు దాటినవారు రెండు నిమిషాలు, 150వ అంతస్తు దాటినవారు మూడు నిమిషాలు ఆగి ఉపవాసం విరమించాలని 2011లో అక్కడి మతపెద్దలు నిర్ణయించారు. మన పెద్దమనిషి సాయంకాలం 124వ అంతస్తులో, ఊరంతా కాళ్ళ కింద కనిపించే చోట ఉన్నారు. అక్కడ పనిచేసే కుర్రవాడొకడు అరచేతిలో ఒక ఖర్జూరం పట్టుకుని, గోడకు ఆనుకుని, గడియారం వంక చూస్తూ నిలబడ్డాడు. తెల్లవారుజామున తిన్న తిండి మీద ఆ కుర్రవాడు పన్నెండు గంటలకు పైగా నెట్టుకొచ్చి ఉంటాడు, ఆ రెండు నిమిషాలూ అతనికి పెద్ద లెక్కలోనివిగా కనిపించలేదు. మన పెద్దమనిషి ఆ పూట స్నానాల గదిలో నాలుగు చెక్కలు, రెండు సున్నుండలు, కెటిల్ ఉప్మా ముగించి, నాలుగింటికి కాఫీ కూడా కలుపుకుని వచ్చారు. అయినా ఆయన ఈనాటికీ చెప్పుకునేది ఆ రెండు నిమిషాల గురించే: "ఎంత కష్టమండీ, నిలబడి చూడలేకపోయాను." చూడటంలోని శ్రమకు తగిన గుర్తింపు మన దేశంలో ఇంకా రాలేదు.

ఈ యాత్రికులు అక్కడి డ్రైవరును, గైడును, హోటలు గుమస్తాను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "మంచినీళ్ళు కూడా తాగరా?" తాగరని జవాబు వచ్చాక, నిజంగానా అని ఇంకోసారి అడుగుతారు. ఈ ఆశ్చర్యం మన ఉపవాస సంప్రదాయం నుంచే వచ్చింది. శనివారం రాత్రి అన్నం మానేసి నాలుగు పెసరట్లు, వాటిలోకి ఉప్మా, అల్లం పచ్చడి, ఆపైన రెండు అరటిపళ్ళు, పడుకోబోయేముందు గ్లాసెడు పాలు తీసుకుని, "ఈ పూట నాకు ఉపవాసం" అని నీరసంగా చెప్పుకునే ఇళ్ళలో పెరిగినవారికి, రోజంతా నీళ్ళు ముట్టకుండా టాక్సీ నడిపే మనిషి మన తిండి శాస్త్రాలన్నిటినీ వెక్కిరిస్తున్నట్టే అనిపిస్తాడు. కార్తీక సోమవారం నాడు చుక్క పొడిచేదాకా పచ్చి గంగ ముట్టని పెద్దావిడలు మన ఇళ్ళలోనూ లేకపోలేదు. వారిని దుబాయి తీసుకువెళ్తే ఈ ప్రశ్న అడగరు. అందుకే కాబోలు, ఎవరూ తీసుకువెళ్ళరు.

ప్రయాణంలో ఉన్నవారికి, జబ్బుతో ఉన్నవారికి ఉపవాసం నుంచి ఖురాన్ మినహాయింపు ఇచ్చింది; తప్పిన రోజులను తరవాత పూర్తిచేసుకోవాలి. ఈ మాట గైడు నోట విన్న మన పెద్దమనిషి, ఉపవాసం ఉండవలసినవాడికే అంత సడలింపు ఉంటే అసలు ఉండనక్కరలేని తనకు మరింత ఉండాలి కదా అని వాదించి, నడివీధిలో సమోసా తినడానికి అనుమతి కోరారు. గైడు కాస్త ఆలోచించి, పక్కనే అద్దాల తలుపున్న హోటలు చూపించాడు. రోడ్డు మీద కాకుండా లోపల కూర్చుని తినండి, మాకు అభ్యంతరం లేదు అన్నంతవరకే అక్కడివారు కోరేది. మనవాళ్ళకు కష్టమంతా ఆ అద్దాల తలుపు దగ్గరే వస్తున్నది. దాన్ని తోయాలి.

ఇదే పెద్దమనిషి కార్తీకంలో మాల వేసుకుంటారు. మండలం పాటు ఔటర్ రింగ్ రోడ్డులోని అద్దాల మేడలో నల్లబట్టలతో, చెప్పులు లేకుండా తిరుగుతారు. ఒరియా మేనేజరు, తమిళ టీమ్ లీడు, కాపలా ఉండే అస్సామీ కుర్రవాడు అందరూ ఆయనను "స్వామీ" అనే పిలుస్తారు. టీమ్ భోజనానికి ఉల్లి, వెల్లుల్లి లేని చోటు వెతుకుతారు, ఆయన పక్కన కూర్చుని ఎవరూ గుడ్డు కూడా తినరు. దీక్షకు చుట్టుపక్కలవారు ఇచ్చే మర్యాద ఇది, ఉండవలసిందే, ఉన్నందుకు సంతోషం. మాల తీసిన రెండు నెలలకు ఒక దేశం మొత్తం దీక్షలో ఉన్న చోటికి వెళ్ళి, ఆయన మొదట అడిగిన ప్రశ్న, "మన సౌకర్యం సంగతేమిటి?"

ఆ ఊళ్ళోనే ఇంకొక తెలుగువాడు కనిపించాడు. ఒక మసీదు పక్కన వేసిన ఇఫ్తార్ డేరాలో, జగిత్యాల వైపు నుంచి వచ్చి కట్టడం పనిలో ఉన్న యువకుడు, నుదుట బొట్టుతోనే చాప మీద కూర్చుని ఉన్నాడు. రెండువైపులా బంగ్లాదేశ్, పాకిస్తాన్ కూలీలు, ఎదురుగా ఖర్జూరాలు, మజ్జిగ సీసా, బిర్యానీ పొట్లం. తెలుగు మాట వినపడగానే జరిగి చోటిచ్చాడు. "కూసో సార్, ఏంగాదు, ఎవ్వలు అడగరు. మసీదుల బాంగు పిలుపు అయినంక తినాలె, గంతే." పెద్దమనిషి చుట్టూ చూసి, పగలు ఎలా గడుస్తున్నదని గుసగుసగా అడిగారు. "పగటీలి మా రూములనే తింటం సార్. ఈ నెల నాకు మంచిగుంటది. రెండు గంటలు డ్యూటీ తక్కువ." అక్కడి చట్టం ప్రకారం ప్రైవేటు ఉద్యోగులకు రంజాన్ నెలలో రోజుకు రెండు గంటల పని తగ్గుతుంది. ఆ తగ్గింపుకు ఉపవాసం ఉన్నారా లేదా, ఏ మతం అన్న విచారణ లేదు. పెద్దమనిషి పక్కన కూర్చుని బిర్యానీ తిన్నారు, బాగుందన్నారు, డబ్బు ఎవరికి ఇవ్వాలని అడిగారు. ఎవరికీ ఇవ్వనక్కరలేదని తెలిశాక ఆయన చాలాసేపు అనుమానంగానే కూర్చున్నారు. గల్ఫ్ గురించి మన కాలనీల్లో తిరిగే హెచ్చరికల్లో ఆ కుర్రవాడు రాసినది ఒక్కటీ ఉండదు.

అసలు ఈ తంటాకు మూలం పంచాంగమేనని గ్రూపులో ఒక జ్యోతిష ప్రియుడు తేల్చారు. మనం చాంద్రమానం పాటించినా మధ్యమధ్య అధికమాసం చొప్పించి పండగలను వాటి ఋతువులకు కట్టేసుకుంటాం. ముస్లింల హిజ్రీ సంవత్సరంలో ఆ సర్దుబాటు లేదు కనుక రంజాన్ ఏటా పదీ పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ, సుమారు 33 ఏళ్ళకు అన్ని కాలాలూ చుట్టి వస్తుంది. 2025లో దుబాయిలో ఈదూ, మనకు ఉగాదీ మార్చి 30నే పడ్డాయి. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి రంజాన్ మొదలవుతుంది. దీన్నిబట్టి ఆ ఏడాది పిల్లల సెలవులు రెండువైపులా చిక్కుకుంటాయని, విదేశాంగ శాఖకు ఇప్పుడే లేఖ రాయాలని క్లబ్‌హౌస్‌లో ప్రతిపాదన వచ్చింది. మొరాకో ప్రభుత్వమైతే ఈ ఒక్క నెల కోసం దేశం గడియారాన్నే గంట వెనక్కి తిప్పుతుందని ఎవరో చెప్పగా, అతిథుల కోసం ఆ మాత్రం చేయలేరా అని సభ ఆవేదన వ్యక్తం చేసింది. అది చేస్తున్నది ఉపవాసం ఉన్నవారి కోసమని గుర్తుచేసిన కుర్రవాడు మళ్ళీ మందలింపు పొందాడు.

చివరికి, ఇన్ని కష్టాలు ఎందుకు, వచ్చే ఏడు ఈద్ సెలవుల్లోనే వెళ్దామని అందరూ అన్నారు. ట్రావెల్ ఏజెంటు ఆ వారం ధర చెప్పాడు. గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. రంజాన్ నెల ధర ఎంతని ఒకరు అడిగారు, చెప్పాడు. విదేశీ సంస్కృతిని దగ్గరగా గమనించాలంటే ఉపవాస మాసాన్ని మించిన అదను లేదని పెద్దమనిషి ప్రతిపాదించగా, సభ ఏకగ్రీవంగా ఆమోదించి అప్పటికప్పుడే అడ్వాన్సు కట్టేసింది. తాము పగలు ఎలాగూ ఏమీ తినరు కనుక, మధ్యాహ్న భోజనం తాలూకు డబ్బు ప్యాకేజీలోంచి తగ్గిస్తారేమో కనుక్కోమని ఏజెంటుకు చెప్పారు.