సవరణ: మక్కా మసీదును మొదలుపెట్టినది ఎవరు?

హైదరాబాదు మక్కా మసీదు గురించి ఇంతకుముందు రాసినదానిలో, చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షాయే దీనికీ పునాది వేశాడన్న వాక్యాన్ని సవరించి చదువుకోగలరు. ఆయన 1612లోనే మరణించాడు. 1617లో పని ఆరంభించినది ఆయన తరువాత గద్దెనెక్కిన సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా కాగా, 1687లో గోల్కొండ మొగలుల వశమయ్యాక, 1694లో మసీదును పూర్తి చేయించినది ఔరంగజేబు. మసీదంతా మక్కా మట్టి ఇటుకలతో కట్టినదన్న మాటా నిలవదు. నడిమి కమానుకు ఆ ఇటుకలు వాడారన్నది తరతరాలుగా చెప్పుకునే కథనమే తప్ప, కట్టడం ప్రధానంగా గ్రానైటు రాతిది. ప్రార్థనా మందిరంలో మూడు వైపులా, వైపుకు ఐదేసి చొప్పున, పదిహేను కమానులు కప్పును మోస్తుండగా నాలుగో వైపున మిహ్రాబు (ప్రార్థనకు మక్కా దిక్కును చూపే గూడు) ఉన్న గోడ ఉంది. ఆవరణలోని ఆసఫ్ జాహీల (నిజాం వంశీకుల) సమాధులు తరువాతి కాలానివి.