పళ్ల పంపిణీ ఇక చాలు సుబేదార్ సార్

ఇది చదివి మా కర్నూలు మాజీ సైనికుల్లో కొందరికి కోపం రావొచ్చు. రానివ్వండి. నేనూ ఓ హవల్దారు కొడుకునే, క్యాంటీన్ సరుకులతో పెరిగినవాణ్నే. ఆ మాత్రం చనువు ఉందనుకుంటున్నా.

ఆగస్టు 15 అయినా, జూలై 26 కార్గిల్ దినమైనా మా మాజీ సైనికుల సంఘం సేవా కార్యక్రమం ఒకటే. పెద్దాసుపత్రికి పోవడం, రోగులకు అరటిపళ్లు, బ్రెడ్డు ఇవ్వడం, ఫొటో దిగడం. పండు ఒకటి, దాన్ని పట్టుకున్న చేతులు ఆరు. మంచం మీది మనిషికి షుగర్ ఉందో లేదో ఒక్కరూ అడగరు. సాయంత్రానికి వాట్సాప్ నిండా జైహింద్‌లు. రక్తదానం చేస్తే నేనేమీ అనను, అది కావాల్సిన పని. మొక్కలు నాటినా అనను. కాకపోతే మే నెలలో వాటికి నీళ్లు పోసేవాడి ఫొటో కూడా ఒకటి పెట్టండి.

నా బాధంతా వేరే. వీళ్ల చేతిలో ఇంకెవరూ చేయలేని పని ఒకటుంది. దాన్ని వాళ్లే సేవ కింద లెక్కేసుకోరు. కాగితాల పని.

ఆలూరు వైపు పల్లె నుంచి ఒక పెద్దామె వస్తుంది. ప్లాస్టిక్ కవరులో భర్త డిశ్చార్జి బుక్కు, పింఛను మంజూరు కాగితం పీపీవో, మడతలు పడిన ఆధార్ జిరాక్స్. ఆయన పోయి నెలలు గడిచినా ఫ్యామిలీ పెన్షన్ మొదలవలేదు. చూస్తే మిలిటరీ రికార్డ్స్ ఆఫీసులో ఆమె లక్ష్మమ్మ, ఆధార్‌లో లక్ష్మీదేవి. పుట్టిన తేదీ ఎప్పుడో ఎవరో అందాజుగా రాయించింది. ఆయన బతికుండగా సరిచేయించుకుంటే ఇంత తిప్పలు ఉండేది కాదు. పింఛన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారాక బ్యాంకులో అడిగితే మా చేతుల్లో లేదమ్మా అంటారు. లెక్కలన్నీ ప్రయాగ్‌రాజ్‌లో. ఒకవేళ పింఛను మొదలైనా ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. శెనక్కాయలు పీకి పీకి అరిగిపోయిన వేళ్ల ముద్రలు మిషన్ మీద పడవు. ఆమె మాత్రం ‘ఏమప్పా, మా ఆయప్ప పేరు దాంట్లో ఉండాదా’ అని అందరినీ అడుగుతూ ఉంటుంది.

ఇట్లాంటి చిక్కు విప్పగలిగేది మిలిటరీలో క్లర్కుగా చేసి వచ్చిన మనిషే. ఏ రికార్డ్స్ ఆఫీసుకు ఏం రాయాలో, ఏ కాగితం ముందు పెట్టాలో, ఎవరికి ఫోన్ కొట్టాలో ఆయనకు తెలుసు. మా అమ్మ పని అట్లాంటి పెద్దమనిషి వల్లే అయింది. రూపాయి తీసుకోలేదు, టీ తాగిపోయాడు. సంఘం ఫ్లెక్సీల్లో ఆయన ముఖం నాకెప్పుడూ కనిపించలేదు.

పింఛనే లేనివాళ్ల సంగతి ఇంకా అన్యాయం. జవానుకు పింఛను రావాలంటే మామూలుగా 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. యుద్ధాల కాలంలో చేరి, అంతకంటే ముందే ఇంటికొచ్చేసినవాళ్లకు పింఛను రాదు. హవల్దారు ర్యాంకు వరకు ఉండి, 65 ఏళ్లు దాటి, పింఛను లేనివాళ్లకు, వాళ్లు పోతే వాళ్ల భార్యలకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా సాయం ఇస్తుంది. ఇదివరకు 4,000. 2025 నవంబరు నుంచి పెట్టే దరఖాస్తులకు 8,000 చేశారు. డిసెంబరు 7న పిల్లలు బ్యాడ్జీ గుచ్చి డబ్బా ఊపుతారే, ఆ పతాక దినం నిధి నుంచే ఇది వచ్చేది. దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పోవాలి. ఈ ముక్క పత్తికొండ పల్లెల్లో ఎంతమందికి చేరింది? డబ్బా ఊపడం మనకు బాగా వచ్చు, ఆ డబ్బు ఎవరికి రావాలో వాళ్ల గడప తొక్కడమే రాదు.

వీళ్లు తొక్కరు ఎందుకంటే అధ్యక్ష పదవి గొడవలకే టైం సరిపోతుంది. ఊరికి రెండు సంఘాలు, రెండు బ్యానర్లు. ఒకే బెటాలియన్‌లో ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు ఇక్కడికొచ్చి వేదిక మీద కుర్చీ కోసం మాట్లాడుకోరు. ఇంతకంటే రాస్తే ఇంట్లో తిడతారు.

అగ్నివీరుల సంగతైనా ఆలోచించారా? 2023 జనవరి ప్రాంతంలో ట్రైనింగ్ మొదలైన మొదటి బ్యాచ్‌కు నాలుగేళ్లు నిండేది 2027 మొదలయ్యేసరికి. నూటికి పాతికమంది దాకా ఉంచుకుంటారు, మిగతావాళ్లు ఇంటికి. సేవా నిధి కింద సుమారు 11.71 లక్షలు చేతికొస్తుంది. పింఛను లేదు, మాజీ సైనికులకిచ్చే ఈసీహెచ్ఎస్ వైద్యం లేదు, స్కీము ప్రకారం మాజీ సైనికుడనే హోదా కూడా లేదు. ‘వాళ్లు మావాళ్లు కాదు’ అనే మాట సంఘంలో అప్పుడే వినబడుతోంది. ఇరవై మూడేళ్ల కుర్రాడు యూనిఫాం తీసి ఊరికొస్తే, ఆ డబ్బు రియల్ ఎస్టేట్ వాడి చేతిలో పెట్టకుండా ఆపాల్సింది మీరు కాక ఇంకెవరు?

జనవరి 14 వెటరన్స్ డే. 1953లో అదే రోజున మన ఆర్మీకి మొదటి భారతీయ అధిపతి కరియప్ప రిటైరయ్యారని పెట్టిన రోజు. మనకేమో అది సంక్రాంతి పండగల్లో పడుతుంది, సభకు వచ్చేది ఎట్లాగూ పాతికమందే. ఆ శాలువాల డబ్బుతో ఒక ప్రింటరు, ఒక స్కానరు కొని, వారానికి ఒకరోజు ఆదోనిలో, ఒకరోజు పత్తికొండలో టేబులు వేసుకుని కూర్చోండి సార్. టోనరు ఖర్చు నేను పెట్టుకుంటా, కామెంట్లో చెప్పండి.